పెనముమీది చరిత్ర

రాజుల చరిత్రకు శాసనములు కలవు. దేవాలయముల చరిత్రకు స్థలపురాణములు కలవు. వంటయింటి చరిత్రకు అట్టి ఆధారము లేదు. అత్తనుండి కోడలికి, తల్లినుండి కూతురికి చేతులు మారుచు వచ్చిన అలవాటే దానికి శాసనము. తెలుగుదేశమునకు వెలుపల తరతరములుగా కాపురమున్న మనవంటి వారికి ఈ శాసనము మఱింత విలువైనది. మన పూర్వులు ఏ యూరినుండి ఏ సంవత్సరమున బయలుదేరిరో చెప్పగల కుటుంబములు కొలదిగా ఉన్నవి. కాని వారు వెంట తెచ్చుకొన్న అట్లపెనపు వాడుక మాత్రము నేటికిని మన పొయ్యిమీదనే యున్నది. ఈ సంచికకు ఏదేని వ్రాయుమని మిత్రులు కోరిరి. మెట్రిక్యులేషనుతో చదువు ముగించి, గుమాస్తాగా జీవితమంతయు చిత్తులు వ్రాయుచు గడపిన మేము పెద్ద విషయములకు పూనుకొనజాలము. కావున మేమెఱిగిన అట్టును గూర్చియే నాలుగు మాటలు వ్రాయుచున్నాము.

దీనికి మఱియొక కారణము కూడ కలదు. గత సంవత్సరము అట్లతద్దినాడు ఎనిమిదేండ్ల మా మనుమరాలు కంచము ముందు కూర్చుండి, "తాతా, ఇది దోసే గదా! దీన్ని అట్టంటారెందుకు?" అని అడిగినది. మాకు వెంటనే సమాధానము తోచలేదు. "తిన్నాక చెప్తాలే" అని తప్పించుకొంటిమి. తినుట ముగిసినది, సమాధానము మాత్రము మిగిలిపోయినది. ఈ వ్యాసము ఆ బాకీ తీర్చుటకే.

మన భాషలో పిండిని జారుగా కలిపి, కాగిన పెనముమీద పోసి కాల్చినదెల్ల అట్టే. మినుములతో పోసినది మినపట్టు, పెసలతో పోసినది పెసరట్టు, రవ్వతో పోసినది రవ్వట్టు, బెల్లము కలిపి పోసినది తీపి అట్టు. పోయక చేతితో తట్టి కాల్చెడి బొబ్బట్టు సైతము ఆ పేరును పంచుకొన్నది. కన్నడమున వండుటకు 'అడు' అను క్రియ కలదు. వంటను 'అడిగె' అందురు. తమిళమున పొయ్యిని 'అడుప్పు' అందురు. పప్పులతో చేసిన మందపు అట్టును 'అడై' అందురు. ఈ మాటలను ప్రక్కప్రక్కన ఉంచి చూచినవారికి మన అట్టుతో వీనికి గల చుట్టరికము స్ఫురింపకపోదు. బ్రౌను దొర 1852లో ప్రకటించిన తెలుగు నిఘంటువున అట్టునకును చోటు దొరకినది. ఇక దోసె యను మాట పరాయిది కాదు. అదియు దక్షిణదేశపు సొత్తే. దోసె వచ్చినందుకు మాకు విచారము లేదు. అట్టు అను మాట పోవుచున్నందుకే విచారము.

దోసెకు వ్రాతమూలకమైన ఆధారము కూడ ఒకటి గలదు. పశ్చిమ చాళుక్య చక్రవర్తియగు మూడవ సోమేశ్వరుడు కల్యాణ నగరము రాజధానిగా ఏలుచు, 1130 ప్రాంతమున మానసోల్లాసమను సంస్కృత గ్రంథమును రచించెను. ఆ కల్యాణమే నేడు కర్ణాటక రాష్ట్రపు బీదరు జిల్లాలోని బసవకల్యాణము. రాజులు తెలిసికొనదగిన విషయములన్నిటితోబాటు అందులో వంటలు కూడ వర్ణింపబడినవి. పప్పును నానబెట్టి రుబ్బి పెనముమీద కాల్చెడి 'ధోసక' మను పదార్థము వానిలో నొకటి. అది పప్పుతోనే చేసినది. అందు బియ్యము ప్రసక్తి లేదు. ఈ లెక్కన నేటి మసాలా దోసెకంటె గోదావరి జిల్లాల పెసరట్టే ఆ పాతకాలపు ధోసకమునకు దగ్గఱ బంధువని చెప్పవచ్చును.

ఒక విషయము ఇచట గుర్తింపవలయును. మిరపకాయయు, బంగాళాదుంపయు అమెరికా ఖండమునుండి ఓడలపై వచ్చినవి. వాస్కోడగామా 1498లో కళ్ళికోటలో దిగిన పిమ్మటనే పోర్చుగీసువారి మూలమున అవి మన దేశమునకు చేరినవి. అంతకు ముందు మన పూర్వుల అట్టులో కారమనగా మిరియము, అల్లము. పచ్చిమిర్చి లేనిదే పెసరట్టు కాదనియు, ఉర్లగడ్డ లేనిదే దోసె కాదనియు వాదించువారు, తమ ముత్తాతల ముత్తాతలు ఆ రెండును ఎఱుగరని తెలిసికొన్నచో కొంత శాంతింతురు. అనగా అట్టు ఏనాడును గడప మూసికొని కూర్చుండలేదు. వచ్చినవానిని పిలిచి పిండిలో కలుపుకొన్నది.

గ్రంథముల మాట అటుండనిచ్చి మా ఊరి మాట చెప్పెదము. మాది గంజాము జిల్లాలోని బ్రహ్మపురము. పట్టునేతకు పేరుగన్న పట్టణము. ఆ నేతగాండ్రలో పెక్కురు తెలుగువారు. 1936 ఏప్రిల్ 1వ తేదీన ఒరిస్సా ప్రత్యేక రాష్ట్రమైనపుడు మా ఊరు మద్రాసు రాజధానినుండి దానిలోనికి వచ్చినది. "మద్రాసులో పడుకొని ఒరిస్సాలో లేచాం, మంచం మాత్రం కదల్లేదు" అని మా తాతగారు నవ్వుచు చెప్పుచుండెడివారు. కావున మేము వలస వచ్చినవారమో, సరిహద్దే మామీదికి వలస వచ్చినదో చెప్పుట కష్టము.

మా చిన్నతనమున మా ప్రక్కయింట ఒక ఒరియా కుటుంబముండెను. ఆ యింటి ఇల్లాలిని మేము 'మావుసీ' అని పిలిచెడివారము. ఆ భాషలో మావుసి యనగా పిన్ని. ఒరియావారికి ఆశ్వయుజ పూర్ణిమనాడు కుమార పూర్ణిమ. కన్నెపిల్లలు ఉదయమున సూర్యుని, సాయంకాలమున చంద్రుని పూజించి మంచి భర్తను కోరుకొందురు. సరిగా మూడవనాడు, ఆశ్వయుజ బహుళ తదియనాడు, మనకు అట్లతద్ది. మన పిల్లలును తెల్లవారుజాముననే భోజనము చేసి, ఉయ్యాలలూగి, పగలంతయు ఉపవాసముండి, గౌరీదేవిని పూజించి, చంద్రదర్శనము చేసికొని, అదే కోరిక కోరుకొందురు. ముత్తైదువునకు పదకొండు అట్లు వాయనమిత్తురు. కుజునకు అట్లు ప్రీతియనియు, మినుములు రాహువునకు, బియ్యము చంద్రునకు సంబంధించినవి గనుక వానితో చేసిన అట్టు వాయనమిచ్చిన దోషములు తొలగుననియు పెద్దలు చెప్పుదురు.

మాకు తొమ్మిది పదేండ్ల వయసున ఒక అట్లతద్దికి ముందునాడు గాలివాన పట్టినది. ఆ మాసమున మా తీరమునకు గాలివానలు పరిపాటియే. చలికి మా తల్లిగారు రుబ్బి యుంచిన పిండి పొంగలేదు. చీకటి పడినను రుబ్బినది రుబ్బినట్లే గిన్నె అడుగున పడియున్నది. గోడ అవతలనుండి మావుసి సంగతి విని, ఒక చెంబుతో ఏదో పుల్లని నీరు తెచ్చి, "తోరాణి వేయి" అనెను. ఒరియావారు అన్నములో నీరు పోసి పులియనిచ్చి 'పఖాళ' యని తిందురు. దానిమీది పులిసిన నీరే తోరాణి. మా తల్లిగారు వాసన చూచి, "ఓసి, ఇది మా తరవాణే గదే!" అనిరి. వారి కుండకు తోరాణి, మన కుండకు తరవాణి. మాటయు ఒకటే, పులుపును ఒకటే.

కాని మా నాయనమ్మగారు ఒప్పుకొనలేదు. పరాయి ఇంటి అన్నపునీరు వ్రతపు పిండిలో కలుపుటయా యని మండిపడిరి. మా తల్లిగారు ఎన్నడును అత్తగారికి ఎదురు చెప్పి యెఱుగరు. ఆ రాత్రియు ఎదురు చెప్పలేదు. మాటాడక రెండు గరిటెల తోరాణి పిండిలో పోసి, కలియబెట్టి, మూత పెట్టి, గిన్నెను దుప్పటిలో చుట్టి పొయ్యి ప్రక్కన ఉంచిరి. తెల్లవారునప్పటికి పిండి అంచువఱకు పొంగినది. సాయంకాలము తొలి వాయనము మావుసికే ఇచ్చిరి. వాయనము పుచ్చుకొనునపుడు పలుకవలసిన తెలుగు మాటలను మా తల్లిగారు ఒక్కొక్కటిగా చెప్పగా, మావుసి తన యాసతో పలికినది. మా నాయనమ్మగారు ఆ రాత్రి అట్టు ముట్టలేదు. మఱుసటి యేడు వాన లేదు, పిండి చక్కగా పొంగినది. అయినను నాయనమ్మగారే, "ఆ మావుసిని కాస్త తోరాణి అడగరాదూ, పోయినేడు అట్లు మెత్తగా వచ్చాయన్నారు" అనిరి. మా యింట జరిగిన సంధి ఇంతకంటె లేదు.

మా యింటి మినపట్టు పద్ధతి ఇది. ఒక గ్లాసు మినపపప్పునకు రెండు గ్లాసుల బియ్యము, అరచెంచా మెంతులు. అయిదు గంటలు నానవలయును. పప్పును వేఱుగా, వెన్నవలె రుబ్బవలయును. బియ్యము కొంచెము పలుకుగా ఉండవచ్చును. రెండును చేతితో కలిపి ఉప్పు వేసి, ఎండకాలమున ఎనిమిది గంటలు, చలికాలమున పదునాలుగు గంటలు కదపక ఉంచవలయును. పప్పుమీదను బియ్యముమీదను ఉండు సూక్ష్మజీవులు పిండిని పులియజేసి వాయువును పుట్టించును. మినపపప్పులోని జిగురు ఆ వాయువును బుడగలుగా పట్టి ఉంచును. పిండి పొంగుటలోని రహస్యమింతే. పెనముమీద నీటిచుక్క వేసిన చుఱ్ఱుమని పరుగెత్తవలయును. సగము కోసిన ఉల్లిగడ్డను నూనెలో ముంచి రుద్ది, గరిటెడు పిండిని నడుమ పోసి, లోపలినుండి వెలుపలికి త్రిప్పవలయును. ఒత్తిన అంటుకొనును, తడసిన గడ్డకట్టును. తొలి అట్టు చెడుట సహజము. అది పెనమునకు కట్టెడి పన్ను.

పెసరట్టునకు ఈ ఎదురుచూపు లేదు. పొట్టు పెసలను ఆఱు గంటలు నానబెట్టి, గుప్పెడు బియ్యము, అల్లము, పచ్చిమిర్చి, జీలకఱ్ఱ చేర్చి రుబ్బి వెంటనే పోయవలయును. పులిసిన పెసరపిండి పనికిరాదు. మినపట్టు ఓర్పు గలవారిది, పెసరట్టు ఆకలి గలవారిది యని మా తల్లిగారు చెప్పుచుండెడివారు.

ఉద్యోగము చాలించిన పిమ్మట మేము బంధువుల యిండ్లకు, పెండ్లిండ్లకు పొరుగు రాష్ట్రములు కొన్ని తిరిగితిమి. పోయిన ప్రతిచోట వంటయింటిలోనికి తొంగిచూచుట మా దురలవాటు. మొదట మధుర పోయితిమి. విజయనగర కాలమున దక్షిణమునకు దిగిన తెలుగువారి సంతతి అచట నేటికిని విస్తారముగా ఉన్నది. నాయకరాజులు 1529 మొదలు 1736 వఱకు మధుర రాజ్యమును ఏలిరి. మా బంధువుల యింట తెలుగు వినబడెను గాని అట్టు అను మాట వినబడలేదు. దోశ, ఊతప్పం, అడై అనిరి. బియ్యము, కందిపప్పు, సెనగపప్పు, మినపపప్పు, ఎండుమిరపకాయలతో బరకగా రుబ్బి, పులియనీయక, మందముగా పోసి, నడుమ చిల్లిచేసి నూనె వేసి కాల్చెడిది అడై. ఆ ఊరికి సమీపముననే యున్న అళగర్ కోవెలలో స్వామి ప్రసాదము దోసెయే! నేతితో కాల్చిన ఆ మందపు దోసె ముక్కను కన్నులకద్దుకొని తినుచు, దేవుడుకూడ అట్టు తినునని మా తల్లిగారు ఎఱిగియున్న ఎంత సంతసించెడివారో యనుకొంటిమి.

బెంగుళూరులో మఱియొక వింత. అచట వీధి వీధికి దోసె. వెన్న రాచినది, ఎఱ్ఱకారము పూసినది, మూడేసి మెత్తనివి పేర్చి 'సెట్టు' అని పెట్టెడిది. ఉడుపివారి హోటళ్ళ మూలమున ఈ దోసె దేశమంతట వ్యాపించినది. కాని మా కోలారు బంధువుల యింట రాగిపిండి దోసె పెట్టి, "ఇది ఇంటి అట్టు, అది అంగడి దోసె" అని ఆ యిల్లాలు విభజించి చెప్పినది. కన్నడ తీరపు 'నీరు దోసె' ను కూడ అచటనే తింటిమి. నానిన బియ్యమును మెత్తగా రుబ్బి, మజ్జిగవలె పలుచన చేసి, పెనమునకు అంచునుండి నడుమకు చిలుకరించి మూతపెట్టుదురు. పులియబెట్టరు, తిరుగవేయరు. గరిటెతో త్రిప్పినచో అది దోసె కాక ముద్ద యగును.

షోలాపురములో మగ్గముల చప్పుడు నడుమ తెలంగాణపు తెలుగు వింటిమి. ఆ పద్మశాలీ కుటుంబముల పూర్వులు నేతపనికై అచటికి వచ్చినవారు. వారి యింట సర్వపిండి తింటిమి. బియ్యపుపిండిలో నానిన సెనగపప్పు, పల్లీలు, నువ్వులు, కారము, కొత్తిమీర చేర్చి గట్టిగా కలిపి, నూనె రాచిన గిన్నె లోపలిగోడకు చేతితో అద్ది, వ్రేలితో చిల్లులు పొడిచి, చిల్లులలో నూనెచుక్కలు వేసి, మూతపెట్టి సన్నని సెగమీద కాల్చుదురు. దీనినే కొన్నియెడల గిన్నప్ప, తపాలచెక్క యనియు అందురు. పొరుగింటి మరాఠీ ఇల్లాలు అదే పూట 'థాలీపీఠు' తెచ్చి యిచ్చినది. వేయించిన ధాన్యములు, పప్పులు కలిపి విసరిన పిండిని తడిగుడ్డమీద తట్టి పెనముమీద వేయుదురు. దానికిని నడుమ చిల్లు, చిల్లులో నూనె! ఎవరు ఎవరిని చూచి పొడిచిరో చెప్పుటకు సాక్షులు లేరు. సెగ సమానముగా తగులవలెనన్న చిల్లు కావలయునని ఇద్దఱు ఇల్లాండ్రకును పొయ్యియే నేర్పినది కాబోలును.

యానాములో మాత్రము అట్టు అట్టుగానే యున్నది. చుట్టును గోదావరి సీమ యుండగా వేఱొక పేరు ఎట్లు వచ్చును? ఫ్రెంచివారి పాలన 1954లో ముగిసి, 1962లో ఆ ఊరు చట్టరీత్యా భారతదేశమున కలిసినది. ఫ్రెంచివారికిని 'క్రేపు' అను పలుచని అట్టు కలదు. గోధుమపిండి, పాలు, గ్రుడ్లు గిలకొట్టి పోయుదురు. ఫిబ్రవరి 2వ తేదీన దానికొక పండుగ కూడ కలదు. ఆ పాలకుల క్రేపు మా బంధువుల పెనమెక్కలేదు. వారు మాకు అల్లపుపచ్చడితో పెసరట్టు పెట్టిరి. మఱునాడు మినపపిండిని మందపు గిన్నెలో నూనె పోసి, పైనను క్రిందను నిప్పులుంచి ఎఱ్ఱగా కాల్చిన దిబ్బరొట్టె పెట్టిరి.

ఇంటికి తిరిగివచ్చి మా ఊరి చకుళి పిఠాను క్రొత్త కన్నులతో చూచితిమి. ఒరియావారి చకుళి బియ్యము, మినపపప్పు రుబ్బి పులియనిచ్చి పోసినదే. మన మినపట్టునకు తోబుట్టువు. వారు బెల్లముతోనో, డాల్మాతోనో తిందురు. మనము పచ్చడితో తిందుము. శ్రావణ అమావాస్యనాడు వారు చేయు చితౌ పిఠాలో కొబ్బరి చేరును. ఒకవైపే కాల్చి మూతపెట్టుదురు. నీరు దోసెకు, చితౌకు నడుమ వేయి మైళ్ళ దూరమున్నను మూత ఒకటే.

ఇంత తిరిగి మేము తెలిసికొన్న దేమనగా, వంటకము ఎచటనైనను బ్రదుకును. మాటయే ముందు చచ్చును. మా యింటనే చూడుడు. కోయంబత్తూరు గ్రైండరు వచ్చి రుబ్బురోలు పెరటిలో తులసికోట ప్రక్కన కూలబడినది. దానితో పొత్రము అను మాట పోయినది. పెనము 'తవా' యైనది. అట్లకాడకు మా పిల్లలు పేరే ఎఱుగరు. "అదీ, తిప్పేది" అందురు. పూనాలోనున్న మా పెద్ద మనుమడు దోసెపిండిని సంచిలో కొనుచున్నాడు. అతని తప్పు లేదు, ఉద్యోగమట్టిది. కాని రుబ్బుట, పొంగుట, తరవాణి, తొలి అట్టు అనునవి అతనికి కథలుగా కూడ మిగులలేదు.

మా భార్య గతించి రెండేండ్లయినది. మా చిన్నకోడలు ఒరియా పిల్ల. గత అట్లతద్దికి మా ఊరి పెద్దలలో కొందఱు, వాయనము తెలుగు ముత్తైదువులకే ఇయ్యవలెననియు, లేనిచో మన ఆచారము కలగాపులగమగుననియు అనిరి. వారి భయము మాకు తెలియును. సంఖ్య తగ్గుచున్న వారికి గోడలే బలమని తోచును. మేము వాదింపక పైన చెప్పిన తోరాణి కథను వారికి వినిపించితిమి. పిదప, "మా యింట అట్లకాడను అట్లకాడ అని పిలిచేది ఒక్క మా కోడలే. అత్తగారి దగ్గర నేర్చుకొంది. మరి ఆచారం ఎవరి చేతిలో ఉన్నట్లు?" అని అడిగితిమి. ఒకరు నవ్విరి, ఒకరు లేచి వెళ్ళిపోయిరి. ఆ సాయంకాలము మా కోడలు పదకొండు అట్లు పోసి వాయనమిచ్చినది, వాయనము పుచ్చుకొన్నది. అప్పుడే మా మనుమరాలు ఆ ప్రశ్న అడిగినది.

అమ్మడూ, నీకు ఇదిగో సమాధానము. అది దోసెయు నిజమే, చకుళియు నిజమే. కాని మీ నాయనమ్మ దానిని అట్టు అనినది, ఆమె అత్తగారు అట్టు అనినది. మీ అమ్మ వేఱొక యింటినుండి వచ్చియు ఆ మాటను నేర్చుకొని నీకు అందించినది. పిండిని ప్రక్కింటి తోరాణితో పొంగించుకొనవచ్చును. పేరును మాత్రము మనమే పలుకుచుండవలయును. మన పక్షమున పలుకువారు వేఱొకరు లేరు.

చదువరులకు మా మనవి యొక్కటే. రేపు పెనము పొయ్యిమీద పెట్టినపుడు పిల్లలను ప్రక్కన నిలువబెట్టుకొని పెనమును పెనమనుడు, అట్లకాడను అట్లకాడ యనుడు. మీ యింటి అట్టు కొలతను, దాని పేరును, అది ఎవరినుండి వచ్చినదో ఒక కాగితముమీద తెలుగులో వ్రాసి యుంచుడు. గరిటె ఒకసారి వారి చేతికీయుడు. తొలి అట్టు చెడినను కోపపడవలదు.